పుట్టి: ఏడాది పొడుగునా ఏటిమీద నిలిచిన పడవ

కృష్ణ ఒడ్డునగాని, తుంగభద్ర ఒడ్డునగాని నడుస్తూ ఉంటే ఇసుకమీద బోర్లించిన పెద్ద నల్లని మూకుడు వంటి వస్తువొకటి కంటబడుతుంది. కొత్తవారు దానిని చూసి ఏదో గంప అనుకుంటారు. నీళ్లలోకి దింపేదాకా అది పడవ అని తోచదు. దానికి ముందు లేదు, వెనుక లేదు. చుక్కాని లేదు, తెరచాప లేదు. జాలరి దానిని ఎత్తి వీపుమీద వేసుకొని, తాబేలు నడిచినట్లు నడిచి, నీటి అంచున దింపుతాడు. ఒక కాలు లోపల పెట్టి, రెండవ కాలితో ఒడ్డును తన్ని, తెడ్డు అందుకుంటాడు. ఇదే పుట్టి. దీనినే అరిగోలు అని కూడా అంటారు. ఇరవై తూముల ధాన్యపు కొలతకు మనవారు పెట్టుకున్న పేరు, ఈ పడవ పేరు ఒక్కటే.

చెక్క నావలు వచ్చాయి, ఆవిరి పడవలు వచ్చి పోయాయి, మోటారు పడవలు వచ్చాయి. అయినా ఈ బుట్టపడవ ఏటిమీదనుంచి తొలగిపోలేదు. వరద రోజుల్లోను, నీరు సన్నగిల్లిన వేసవిలోను దీనిమీదనే చేపల వేట సాగుతున్నది. ఇంత చవకయిన పడవ ఇన్ని యుగాలు ఎట్లా నిలిచింది? ఇది గట్టిది గనుక నిలవలేదు. దీని పైచర్మం కొద్దికాలానికే పాడవుతుంది. అయితే పాడయిన భాగాన్ని ఎప్పటికప్పుడు తన చేతులతోనే బాగుచేసుకోవడం దీని యజమానికి తెలుసు. పుట్టి చరిత్ర అంటే ఈ మరమ్మతు విద్య చరిత్రే. ఆ విద్యలో ఎంత శాస్త్రం దాగి ఉన్నదో ఈ వ్యాసంలో పరిశీలిద్దాము.

మట్టిపలకల మీద, రాతిచెక్కడాల మీద

గుండ్రని పడవ మన దేశానికి మాత్రమే పరిమితమైనది కాదు. నేటి ఇరాకు దేశంలో టైగ్రిస్, యూఫ్రటీస్ నదులమీద అతి ప్రాచీన కాలంనుంచి ఇట్టి పడవలు నడిచాయి. సుమారు క్రీ. పూ. 1750 నాటి ఒక బాబిలోనియా మట్టిపలకను బ్రిటిష్ మ్యూజియం పండితుడు ఇర్వింగ్ ఫింకెల్ చదివి 2014లో ప్రకటించాడు. అందులో జలప్రళయ కథ ఉన్నది. ఆ కథలోని ఓడ గుండ్రనిది. తాటిజాతి చెట్ల నారతో పేనిన తాటిని చుట్లు చుట్లుగా పెట్టి ఆ ఓడను కట్టాలనీ, దానికి నేలతారు పూయాలనీ పలకమీద రాసి ఉన్నది. క్రీ. పూ. 7వ శతాబ్దంనాటి అస్సీరియా రాజు సెన్నఖెరిబ్ రాజభవనపు గోడలమీద బరువు మోస్తున్న గుండ్రని పడవ చెక్కి ఉన్నది. ఆ చెక్కడంలోనే గాలి ఊదిన తోలుతిత్తిమీద కూర్చొని చేపలు పట్టే మనిషి కూడా కనిపిస్తాడు.

క్రీ. పూ. 5వ శతాబ్దంలో హెరడోటస్ అనే గ్రీకు చరిత్రకారుడు బాబిలోను పడవలను గురించి చెప్పిన సంగతి మిక్కిలి వినోదకరమైనది. ఎగువన ఆర్మేనియా ప్రాంతంలో కొమ్మలు కోసి పడవకు చట్రం కడతారు. బయట తోళ్లు కప్పుతారు. లోపల గడ్డి పరిచి సరుకు నింపుతారు. ఆ సరుకుతోపాటు ఒక గాడిదను కూడా ఎక్కిస్తారు! ఇద్దరు మనుషులు నిలబడి, ఒకడు తెడ్డును తనవైపు లాగుతూ, రెండవవాడు అవతలకు తోస్తూ పడవను నడుపుతారు. బాబిలోను చేరిన తర్వాత సరుకు అమ్ముతారు. చట్రాన్ని, గడ్డిని కూడా అక్కడే అమ్మివేస్తారు. తోళ్లను మాత్రం గాడిదమీద వేసుకొని నేలదారిన ఇంటికి మరలుతారు. నదివేగం ఎక్కువ గనుక ఎదురు నడపడం సాధ్యం కాదు.

ఈ కథలో గాడిదకంటె గమనించవలసినది ఒకటి ఉన్నది. పడవ మొత్తాన్ని వారు ఒకే వస్తువుగా భావించలేదు. చట్రం చవక, ఎక్కడైనా దొరుకుతుంది. చర్మం విలువైనది, దానిని కాపాడుకోవాలి. ఈ రెండు భాగాల వివేకమే నేటికీ పుట్టి కట్టేవారికి మూలసూత్రం. అయితే మన జాలరులు దానిని తలకిందులు చేశారు. వారు చట్రాన్ని నిలుపుకొని చర్మాన్ని మార్చుకుంటారు.

ఐరోపాలో కూడా తోలు పడవలు ఉండేవి. క్రీ. పూ. 49లో స్పెయిను దేశంలో సికోరిస్ నదికి వరద వచ్చి వంతెనలు కొట్టుకొనిపోగా, జూలియస్ సీజరు తన సైనికులచేత తడికలల్లించి, తోళ్లు కప్పించి పడవలు చేయించాడు. బ్రిటనులో తాను చూసినవి అట్టివేనని అతడే రాసుకున్నాడు. వేల్సు దేశపు తీవీ, తావీ నదులమీద నేటికీ రెండు బుట్టపడవల నడుమ వల పట్టి చేపలను వేటాడే పద్ధతి ఉన్నది. మద్రాసు మత్స్యశాఖకు డైరెక్టరుగా పనిచేసిన జేమ్స్ హోర్నెల్ ఈ దేశదేశాల పడవలన్నింటిని పోల్చి పరిశీలించాడు. జలరవాణా పుట్టుపూర్వాలను గురించిన ఆయన గ్రంథం 1946లో వెలువడింది. పెద్ద మాను దొరకని చోట, కొమ్మలు, తోళ్లు దొరికే చోట, రాళ్లు నిండిన ఏరు దాటవలసివస్తే మనిషి బుద్ధికి ఇట్టి పడవ తోచడం సహజమే.

విజయనగరంలో ఒక విదేశీయుడు చూసిన పడవ

మన పుట్టిని గురించి స్పష్టంగా రాసిపెట్టిన విదేశీయులలో డొమింగో పేస్ అనే పోర్చుగీసువాడు ముఖ్యుడు. అతడు సుమారు 1520 ప్రాంతంలో, శ్రీకృష్ణదేవరాయల కాలంలో, విజయనగరానికి వచ్చాడు. రాజధాని పక్కన ఉన్న తుంగభద్రను జనం బుట్టలవంటి గుండ్రని పడవలమీద దాటుతున్నారనీ, అవి లోపల పేముతో అల్లినవనీ, బయట తోలు కప్పినవనీ అతడు వర్ణించాడు. ఒక్కొక్క పడవలో పదిహేను ఇరవైమంది పడతారట. అవసరమైతే గుర్రాలను, ఎద్దులను కూడా దాటించవచ్చునట. ఇవి తిన్నగా పోక ఎప్పుడూ గిరగిర తిరుగుతూ పోతాయని కూడా అతడు గమనించాడు. నేడు హంపీకి వెళ్లినవారు ఆనెగొంది రేవులో అదే దృశ్యాన్ని చూడవచ్చును.

1803లో దక్కనులో మరాఠాలపై సేన నడిపిన ఆర్థర్ వెల్లెస్లీ, తరువాతి వెల్లింగ్టన్ ప్రభువు, ఏళ్లు దాటడానికి ఇట్టి తోలు బుట్టపడవలనే సిద్ధం చేయించాడు. ఫిరంగులున్న సైన్యం కూడా చివరకు గంపలల్లేవారి విద్యమీద ఆధారపడవలసి వచ్చింది.

గోదావరి దిగువ భాగంలోను, డెల్టా కాలువలలోను చెక్క నావలు ఎక్కువగా కనిపిస్తాయి. అక్కడ నీరు లోతు. అడుగున మట్టి, ఇసుక. తుంగభద్ర, ఎగువ కృష్ణ అట్లా కాదు. అడుగడుగునా బండలు. ఒకచోట నిలువెత్తు మడుగు, పది బారలు దాటితే మోకాటిలోతు నీరు. చెక్క నావ అడుగుదూలం ఆ బండలకు తగిలితే పగులుతుంది. పుట్టి అడుగు వంగి, జారి, ముందుకు పోతుంది. నీరు చాలని చోట దానిని వీపుమీద వేసుకొని తరువాతి మడుగుదాకా నడిచిపోవచ్చును. ఏడాదిలో ఎన్నోసార్లు రూపు మార్చుకునే ఏటికి తగిన పడవ ఇది.

గుండ్రని రూపంలోని లెక్క

ఇరవైమంది పడతారన్న పేస్ మాట అతిశయోక్తి కాదు గదా? ఆర్కిమిడీస్ సూత్రంతో లెక్క వేసి చూద్దాము. తేలే వస్తువు తన బరువుకు సమానమైన బరువు గల నీటిని పక్కకు తొలగిస్తుంది. ఒక ఘనమీటరు మంచినీటి బరువు 1,000 కిలోలు.

రెండు మీటర్ల వ్యాసం గల పుట్టిని తీసుకొందాము. లెక్క సులువుగా ఉండటానికి దాని అడుగు చదునుగా, గోడ నిలువుగా ఉన్నదనుకొందాము. అడుగు వైశాల్యం 3.14 చదరపు మీటర్లు. అది ఒక సెంటీమీటరు లోతు మునిగితే 31.4 లీటర్ల నీరు తొలగుతుంది. అనగా సెంటీమీటరుకు సుమారు 31 కిలోల బరువు మోస్తుంది. పుట్టి బరువు 40 కిలోలు, ఇద్దరు మనుషులు 120 కిలోలు, వలలు, చేపలు 30 కిలోలు అనుకుంటే మొత్తం 190 కిలోలు. పడవ మునిగే లోతు ఆరు సెంటీమీటర్లే! అరచేయి వెడల్పు నీటిలో ఇద్దరు మనుషులు వేట సాగించవచ్చును.

ఇక మూడు మీటర్ల వ్యాసం గల పెద్ద పుట్టి అయితే అడుగు వైశాల్యం సుమారు 7.07 చదరపు మీటర్లు. ఒక్కొక్క సెంటీమీటరుకు సుమారు 71 కిలోలు మోస్తుంది. ఇరవైమంది బరువు 1,200 కిలోలు, పుట్టి బరువు 100 కిలోలు అనుకుంటే అది 18 సెంటీమీటర్లకు మించి పెద్దగా మునగదు. కాబట్టి పేస్ మాట నమ్మదగినదే.

గుండ్రని రూపంవల్ల మరొక లాభం ఉన్నది. 6.28 మీటర్ల అంచుతో చదరపు పడవ కడితే దాని అడుగు 2.46 చదరపు మీటర్లే వస్తుంది. అదే అంచును గుండ్రంగా వంచితే 3.14 చదరపు మీటర్లు వస్తుంది. ఒకే చుట్టుకొలత గల ఆకారాలన్నింటిలో వృత్తానికే వైశాల్యం ఎక్కువ. రేఖాగణితం చదవని మేదరి తన గంపలోనే ఈ సిద్ధాంతాన్ని నిరూపించి చూపుతున్నాడు. పైగా గుండ్రని పడవకు మూలలు లేవు. చర్మం ముందుగా చిరిగేది మూలల దగ్గరనే.

లోపాలు లేకపోలేదు. పొడవైన పడవ నీటిని చీల్చుకొని తిన్నగా పోతుంది. పక్కకు తిరగడాన్ని దాని పొడవు, అడుగుదూలం అడ్డుకుంటాయి. పుట్టికి ఆ అడ్డు లేదు. తెడ్డును ఒక పక్కన వేస్తే అది ముందుకు పోవడానికి మారుగా తిరుగుతుంది. అందుకే జాలరి తెడ్డును తాను పోదలచిన దిక్కున ముందుకు చాచి, నీటిని తనవైపు లాగుతూ, కుడికి ఎడమకు మార్చి వేస్తాడు. ఒక పక్క పుట్టిన తిరుగుడును రెండవ పక్క వేసిన తెడ్డు సరిచేస్తుంది. దూరప్రయాణానికి ఇది తగదు. ఉన్నచోటనే ఏ దిక్కుకైనా తిరగవలసిన చేపలవేటకు ఇంతకంటె అనువైనది అరుదు.

వెదురు ఎముకలు, తోలు చర్మం

పుట్టి కట్టడానికి ముదిరిన వెదురు కావాలి. లేత వెదురులో పిండిపదార్థం ఎక్కువ. దానికోసం పుచ్చుపురుగు చేరి లోపల తొలిచి పొడి చేస్తుంది. కోసిన వెదురును కొన్ని వారాలపాటు పారే నీటిలో నానబెట్టే ఆచారం ఉన్నది. నీరు ఆ పిండిపదార్థాన్ని కొంతవరకు కడిగివేస్తుంది. పురుగుకు ఆహారం తగ్గితే వెదురుకు ఆయుష్షు పెరుగుతుంది. తర్వాత వెదురును బద్దలుగా చీలుస్తారు. వెదురు బలమంతా దాని పై బెరడు పక్కనే దట్టంగా ఉన్న నారలలో ఉన్నది. లోపలి మెత్తని భాగానికి ఆ బలం లేదు. అందుచేత పై భాగాన్ని పారవేయకుండా బద్ద తీయడంలోనే పనివాని నేర్పు తెలుస్తుంది.

బద్దలను నేలమీద అడ్డదిడ్డంగా పరిచి, ఒకదానిపై ఒకటి దాటించి, అడుగు అల్లుతారు. రాళ్లు పెట్టి అడుగును అదిమి, చివరలను పైకి వంచి, అంచుకు లావుపాటి బద్దల కట్ట చుట్టి బిగిస్తారు. ఈ అల్లికలో మేకు లేదు. మేకు ఉంటే బరువంతా ఆ ఒక్కచోట పడి చెక్క చీలుతుంది. అల్లికలో బరువు వందలాది దాట్ల మధ్య పంచబడుతుంది. బండ తగిలినపుడు బద్దలు కొంచెం కదిలి, వంగి, మళ్లీ యథాస్థానానికి వస్తాయి.

చర్మం సంగతి వేరు. పూర్వం ఎద్దుతోలుగాని, దున్నతోలుగాని కప్పేవారు. పచ్చితోలును నీటిలో ఉంచితే సూక్ష్మజీవులు చేరి కుళ్లుతుంది. తంగేడు చెక్కవంటి వాటిలోని టానిన్ అనే పదార్థం తోలులోని మాంసకృత్తుల పోగులతో కలిసి, వాటిని సూక్ష్మజీవులకు లొంగనీయదు. తోళ్లు ఊనడమంటే ఇదే. ఊనిన తోలు కూడా ఎల్లకాలం నీటిలో నానితే మెత్తబడుతుంది. ఎండకు మితిమీరి ఆరితే బిరుసెక్కి పగులుతుంది. అందుచేత వాడినంతసేపు వాడి, ఒడ్డుకు చేర్చి, నీడన ఆరబెట్టడం తప్పనిసరి. కాలక్రమాన తోలు ప్రియమైంది. దాని స్థానంలో తారు పూసిన గుడ్డ, టార్పాలిన్, ప్లాస్టిక్ పట్టాలు వచ్చాయి. బాబిలోను ఓడకు పూసిన నేలతారుకు దగ్గరి చుట్టమే నేడు మన పుట్టికి పూసే తారు. చట్రం మాత్రం పేస్ చూసిన అల్లికనే పోలి ఉన్నది.

పడవలో ఉండవలసిన సామాను

పుట్టిలో చోటు తక్కువ. కనుక అందులో ఉండే ప్రతి వస్తువుకూ పని ఉండాలి. ఒకటి తెడ్డు, విరిగినపుడు ఆదుకోవడానికి మరొకటి. లోతు తక్కువైన చోట తోయడానికి పొడవాటి వెదురు గెడ. ఈ గెడ లోతు కొలిచే కర్ర కూడా. కలకనీటిలో కంటికి కనబడని బండను ముందుగా పసిగట్టేది అదే. ప్రవాహంలో నిలవడానికి తాటికి కట్టిన రాయి. వల, గాలం, ఎర పెట్టె. చేపలు వేయడానికి బుట్ట.

వీటన్నిటికంటె చవకయినది, అన్నిటికంటె ముఖ్యమైనది నీరు తోడే డబ్బా. లోపల చేరిన కొద్దిపాటి నీరు ఏమి చేస్తుందిలే అనుకోవడం పొరపాటు. పడవ ఒక పక్కకు కొంచెం ఒరిగితే లోపలి నీరంతా ఆ పక్కకే పరుగెత్తి, ఒరిగినదానిని మరింత ఒరగదోస్తుంది. మూట అయితే పెట్టినచోటనే ఉంటుంది. నీరు అట్లా ఉండదు. పడవలో నీటికంటె ప్రమాదకరమైన సరుకు లేదు. ఇప్పుడు ఈ సామానుకు లైఫ్ జాకెట్టును తప్పక చేర్చాలి. ఈత వచ్చినవానికి కూడా అది అవసరమే. కాలికి వల చుట్టుకున్నప్పుడు ఈత సాయం చేయదు.

గాలపు వేటలో పుట్టి

వలతోనేగాక గాలంతో వేటాడేవారికి కూడా పుట్టి మంచి నేస్తమైంది. మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన హెన్రీ సల్లివన్ థామస్ 1873లో భారతదేశపు గాలపు వేటను గురించి ఒక గ్రంథం ప్రకటించాడు. అందులో అగ్రస్థానం మహసీరు చేపది. బండల నడుమ ఉరకలు వేసే నీటిలో బ్రతికే ఈ చేప మిక్కిలి బలశాలి. 1946లో మైసూరు ప్రాంతంలో కావేరికి ఉపనది అయిన కబినిలో వాన్ ఇంగెన్ అనే వేటగాడు 120 పౌన్ల మహసీరును పట్టాడు. అంటే దాదాపు 54 కిలోలు.

అంత చేప గాలానికి తగిలినపుడు ఒడ్డున నిలబడినవాని దారం తెగే అవకాశం ఎక్కువ. కావేరిలో వేటగాళ్లు బుట్టపడవ ఎక్కి చేప వెంట పోయేవారు. ఇందులో యంత్రశాస్త్రం ఇమిడి ఉన్నది. ఒడ్డు కదలదు, కనుక చేప లాగిన బలమంతా దారంమీద పడుతుంది. పుట్టి తేలిక, చేప లాగితే అది కూడా కదులుతుంది. దారంమీద పడే ఒత్తిడి తగ్గుతుంది; పడవను లాగి లాగి చేప అలసిపోతుంది. చేప ఏ పక్కకు తిరిగినా పుట్టి ఆ పక్కకే తిరుగుతుంది. తిన్నగా పోలేకపోవడమనే లోపం ఇక్కడ గుణమైంది.

ఆ పెద్ద మహసీరు నేడు అరుదైపోయింది. కావేరిలోని మూపురపు మహసీరు ఏ శాస్త్రనామానికి చెందినదో 2018లోగాని తేలలేదు. ఆ సంవత్సరమే అది అంతరించే ముప్పు తీవ్రంగా ఉన్న జీవుల జాబితాకు ఎక్కింది. పడవను కాపాడుకున్నంత శ్రద్ధగా చేపను కాపాడుకోలేకపోయాము.

పన్నెండు నెలల సంరక్షణ

పుట్టిని ఏడాది పొడుగునా వాడుకోవాలంటే కాలాన్నిబట్టి దాని పోషణ మారాలి. వేసవిలో ఏరు మడుగులుగా విడిపోతుంది. బండలు బయటపడతాయి. పడవ అడుగు రాపిడికి గురి అయ్యే కాలమిది. ఎండకు తారు మెత్తబడి బండలకు అంటుకొని ఊడివస్తుంది. కనుక వేట ముగిసిన వెంటనే పుట్టిని ఒడ్డుకు ఎత్తి చెట్టునీడన బోర్లించాలి. నేలకు ఆనించక నాలుగు రాళ్లమీద ఉంచితే గాలి ఆడుతుంది. చెదలు వెదురును అంటవు.

వానాకాలంలో కృష్ణ, తుంగభద్రలకు కొత్తనీరు వస్తుంది. బొచ్చె, రాగండి వంటి చేపలు పారే నీటిలో గుడ్లు పెట్టే కాలం కూడా ఇదే. ఈ సమయంలో కొన్నాళ్లు వేట మానాలని మత్స్యశాఖలు నియమం పెట్టడంలో న్యాయం ఉన్నది. ఒక్క తల్లిచేపను వదిలితే లక్షల గుడ్లను వదిలినట్లు. వరదలో మానులు, ముళ్లకంపలు కొట్టుకొనివస్తాయి. పుట్టి చర్మానికి అవి కత్తులు. వేట లేని ఈ రోజులే మరమ్మతుకు తగిన రోజులు. చట్రంలో విరిగిన బద్దలను తీసి కొత్తవి దోపాలి; అంచుకట్టును మళ్లీ బిగించాలి.

వానలు వెనుకబట్టి ఎండ కాసినపుడు తారు పూయాలి. తడిసిన గుడ్డమీద పూసిన తారు అంటుకోదు. లోపలి తడి ఆవిరై పైకి ఉబ్బి పొర లేస్తుంది. పూర్తిగా ఆరిన తర్వాత, పాత తారులో పెచ్చులూడిన భాగాలను గీకి, కాచిన తారును పలుచగా పూసి, ఆరనిచ్చి, మళ్లీ పూయాలి. ఒకేసారి మందంగా పూస్తే చలికాలంలో అది పగులుతుంది. చలికి తారు బిరుసవుతుంది, వేడికి మెత్తబడుతుంది. ఈ రెండింటిని తట్టుకునేది పలుచని పొరల పూతే.

చిల్లులు కనిపెట్టడానికి సులువైన ఉపాయాలు ఉన్నాయి. పుట్టిని సూర్యునికి ఎదురుగా ఎత్తి లోపలినుంచి చూస్తే చిల్లు ఉన్నచోట వెలుతురు చుక్క కనబడుతుంది. లేదా ఒడ్డున దానిని నాలుగు రాళ్లమీద ఉంచి లోపల కొద్దిగా నీరు పోసి, అడుగున ఎక్కడ చెమర్చుతున్నదో చూడవచ్చును. చిల్లుకంటె నాలుగింతలు పెద్దదైన గుడ్డముక్కను తారుతో అంటించి, పైన మళ్లీ తారు పూస్తే సరిపోతుంది. చిన్న చిల్లును నిర్లక్ష్యం చేస్తే నీరు గుడ్డకు, వెదురుకు మధ్య చేరి, బయటకు కనబడకుండా చట్రాన్ని కుళ్లబెడుతుంది. అప్పుడు పోయేది చర్మం కాదు, పడవే.

ఏరు సముద్రమైనప్పుడు

ఇరవయ్యవ శతాబ్దంలో పుట్టికి పెద్ద పరీక్ష ఎదురైంది. 1953లో తుంగభద్ర ఆనకట్ట వెనుక నీరు నిలిచింది. 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగరంనుంచి 1967లో కాలువలకు నీరు వదిలారు. ఇరుకైన ఏటిలో వేటాడిన జాలరులకు వందల చదరపు కిలోమీటర్ల నీరు ఎదుట నిలిచింది. చేపలకు కొదువ లేదు. పడవ మాత్రం పాతదే.

ఏటికి, జలాశయానికి భేదమున్నది. ఏటిలో ప్రమాదం ప్రవాహంనుంచి వస్తుంది. జలాశయంలో గాలినుంచి వస్తుంది. అల ఎత్తు మూడింటిమీద ఆధారపడుతుంది: గాలి వేగం, అది వీచిన సేపు, అడ్డులేకుండా నీటిమీద అది పయనించిన దూరం. ఇరుకు ఏటిలో ఈ మూడవది తక్కువ. జలాశయంలో అది ఎన్నో రెట్లు. ఉదయం అద్దంలా ఉన్న నీరు సాయంకాలం గాలివానకు అలలతో లేస్తుంది. యాభై సెంటీమీటర్ల గోడ గల పుట్టి ఇరవై మునిగితే పైన మిగిలేది ముప్పయి సెంటీమీటర్ల అంచు. రెండు అలలు ఆ అంచు దాటి లోపల పడితే, లోపలి నీరు చేసే పని ఏమిటో ముందే చెప్పుకున్నాము.

బరువు పెరిగేకొద్దీ మరొక కీడు కూడా ఉన్నది. ఒక్కరిద్దరు అడుగున కూర్చుంటే బరువుకేంద్రం కిందికి ఉంటుంది. వెడల్పయిన అడుగు పడవను నిలబెడుతుంది. పదిమందిని ఎక్కించి అందరూ లేచి నిలబడితే బరువుకేంద్రం పైకి పోతుంది; పడవ లోతుగా మునిగి, నిలదొక్కుకునే శక్తి తగ్గుతుంది. అప్పుడు నలుగురు ఒక పక్కకు ఒరిగితే చాలు, పుట్టి బోర్లపడుతుంది. ఇద్దరి వేటకోసం చేసిన పుట్టిలో పెళ్లివారిని దాటించడం ధైర్యమనిపించుకోదు. లెక్క తెలియకపోవడమే అవుతుంది.

ఇటీవల ఫైబర్‌గ్లాసు పుట్టులు కూడా వాడుకలోకి వచ్చాయి. అవి కుళ్లవు, చెదలు పట్టవు, ఏటేటా తారు అడగవు. అయితే అవి బండకు గట్టిగా తగిలితే వంగవు, పగులుతాయి. ఆ పగులు పూడ్చడానికి గాజునార, జిగురుద్రవం, దానిని గట్టిపరిచే రసాయనం కావాలి. వెదురు, గుడ్డ, తారు ఊళ్లోనే దొరుకుతాయి; ఇవి దొరకవు. కొత్త పడవ మంచిదే. దానితోపాటు దాని మరమ్మతు విద్య కూడా జాలరి చేతికి అందాలి. అది అందకపోతే మొదటి పగులుతోనే అతడు పరాధీనుడవుతాడు.

ఉపాధ్యాయులు ఈ విషయాన్ని తరగతిలో ప్రత్యక్షంగా చూపవచ్చును. చదును అడుగు, నిలువు అంచులు గల పళ్లెమొకటి నీళ్ల తొట్టిలో తేలవేయండి. అడుగు వైశాల్యం కొలిచి, ఎంత బరువుకు ఎంత లోతు మునుగుతుందో ముందుగా లెక్క వేయించి, తూనికరాళ్లు పెట్టి సరిచూడండి. తరువాత రాళ్లను ఒక పక్కకు జరిపి చూపండి. చివరకు రాళ్లు తీసి అదే బరువు గల నీరు పోసి, పళ్లేన్ని వేలితో ఒక పక్కకు కొంచెం నొక్కండి. రాళ్లకు, నీటికి గల భేదం విద్యార్థులు జన్మలో మరువరు.

సెన్నఖెరిబ్ భవనపు గోడమీది పడవను, హంపీ రేవులోని పుట్టిని పక్కపక్కన పెడితే నడుమ ఉన్న ఇరవైఏడు వందల ఏళ్లు కంటికి ఆనవు. ఆ పడవలలో ఒక్కటీ అన్నేళ్లు బ్రతకలేదు. ప్రతి తరంలోను ఎవరో ఒకరు ఉదయం నీటిలోకి దిగేముందు తమ పుట్టిని సూర్యునికి ఎదురుగా ఎత్తి, వెలుతురు చుక్క ఎక్కడైనా కనబడుతుందా అని చూసుకున్నారు. రేపు మన పడవలు దేనితో చేసినవైనా, ఆ చూపును మాత్రం మనము పోగొట్టుకోరాదు.